ఓఎల్‌ఈడీయా, మినీ ఎల్‌ఈడీయా: హాలును బట్టి పెద్ద టీవీని ఎంచుకోవడం ఎలా

పెద్ద టీవీ కొనదలచుకున్నవారు సాధారణంగా ముందు దుకాణానికి వెళతారు. అంతకంటే ముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది. సెలవు రోజున ఉదయం పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి దీపాలు వేశాక మరొకసారి మీరు రోజూ కూర్చునే చోటనే కూర్చుని, ఇప్పుడున్న టీవీని ఆపి, ఆ నల్లని తెరలో ఏమేమి కనిపిస్తున్నాయో చూడండి. వీధి గుమ్మం కనిపిస్తున్నదా, బాల్కనీ తలుపు కనిపిస్తున్నదా, ఎదురు గోడ మీది ట్యూబులైటు కనిపిస్తున్నదా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. దాని కిందనే ఇంట్లో ఎవరు ఏ వేళ ఏమి చూస్తారో, తెరకు సూటిగా కాక పక్కన దివాన్ మీదనో కుర్చీలోనో కూర్చుని చూసేవారు ఎంతమందో కూడా రాయండి. ఆ కాగితం చేతిలో లేకుండా దుకాణానికి వెళితే అక్కడ వెలిగే ఇరవై తెరలలో అన్నిటికంటే ఎక్కువ మెరిసేదే మంచిదనిపిస్తుంది.

పేర్లు ఎన్నో, పద్ధతులు రెండే

దుకాణంలో వినిపించే ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, నియో క్యూఎల్‌ఈడీ, క్యూనెడ్, మినీ ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ వంటి పేర్లన్నిటి వెనుక ఉన్న పద్ధతులు రెండే. వెనుకనున్న దీపాల వెలుగును ముందున్న పొర అవసరమైనచోట వదిలి, అవసరం లేనిచోట ఆపడం మొదటిది. ప్రతి చుక్కా తనంతట తానే వెలగడం, ఆరడం రెండవది. మొదటిది ఎల్‌సీడీ, రెండవది ఓఎల్‌ఈడీ. ‘ఎల్‌ఈడీ టీవీ’ అని మనం పిలుచుకునేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. ఒకప్పుడు దాని వెనుక సన్నని ట్యూబులైట్లు ఉండేవి, తరువాత వాటి స్థానంలో ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి, దీపం పేరే టీవీకి పేరైపోయింది.

ఎల్‌సీడీకి ఉన్న చిక్కు ఏమిటంటే, వెలుగును ఆపవలసిన పొర దానిని పూర్తిగా ఆపలేదు. తలుపు గట్టిగా వేసినా సందులోంచి వెలుగు వచ్చినట్టే, నల్లగా ఉండవలసిన చోట కొంత బూడిద రంగు కనిపిస్తుంది. అందుకే ఈ రకం టీవీల మంచిచెడ్డలు చాలావరకు వెనుక దీపాలను ఎక్కడ, ఎన్ని పెట్టారు, వాటిని ఎన్ని గుంపులుగా విడదీసి ఆర్పగలరు అన్నదాని మీద ఆధారపడతాయి. చవక సెట్లలో దీపాలు తెర అంచునో, వెనుక కొద్ది వరుసలలోనో ఉండి, అన్నీ కలిసి వెలుగుతాయి. కొంచెం పై శ్రేణిలో వెనుకంతా పరచిన దీపాలను గుంపులుగా విడదీసి, చీకటి ఉన్న భాగం వెనుక దీపాలను తగ్గిస్తారు. దీనినే లోకల్ డిమ్మింగ్ అంటారు, ఒక్కొక్క గుంపును జోన్ అంటారు. మినీ ఎల్‌ఈడీ ఇదే పద్ధతికి సూక్ష్మరూపం. దీపాలు మరీ చిన్నవి కావడం వల్ల వందల నుంచి వేల జోన్ల వరకు అమర్చడం వీలవుతుంది.

అయితే జోన్ల సంఖ్య పెద్దదిగా వినిపించినంత మాత్రాన మురిసిపోనక్కరలేదు. 4కే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉంటాయి. వెయ్యి జోన్లున్న టీవీలో కూడా ఒక్కొక్క జోన్ కింద ఎనిమిది వేలకు పైగా పిక్సెళ్లు వస్తాయి. కాబట్టి నల్లని ఆకాశంలో చంద్రుడు వచ్చినప్పుడు, చీకటి సన్నివేశం కింద తెల్లని సబ్‌టైటిల్ పడినప్పుడు, దాని చుట్టూ పలుచని వెలుగు వలయం కనిపించవచ్చు. మంచి సెట్లలో అది వెతికితే తప్ప కనబడదు; నాసిరకం సెట్లలో అక్షరాలు పొగమంచులో తేలుతున్నట్టుంటాయి.

క్యూఎల్‌ఈడీ అన్న పేరు దగ్గర చాలామంది పొరబడతారు. శాంసంగ్ 2017లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పేరు ఓఎల్‌ఈడీకి అక్కలాగో చెల్లెలిలాగో వినిపించినా, ఇది ఎల్‌సీడీ కుటుంబానిదే. నీలి దీపాలకూ తెర పొరకూ మధ్య క్వాంటం డాట్లు నింపిన ఒక పల్చని పొర ఉంటుంది. కొద్ది నానోమీటర్ల పరిమాణం గల ఆ కణాలు తమ సైజును బట్టి ఎరుపో ఆకుపచ్చో వెదజల్లుతాయి. ఈ కణాల మీద చేసిన పరిశోధనకే మౌంజీ బవెండి, లూయిస్ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వీటి వల్ల రంగులు స్వచ్ఛమవుతాయి కానీ నలుపు నలుపవదు. అంటే క్యూఎల్‌ఈడీ రంగుకు సంబంధించిన మాట, మినీ ఎల్‌ఈడీ చీకటికి సంబంధించిన మాట. రెండూ ఒకే సెట్టులో ఉండవచ్చు. శాంసంగ్ 2021 నుంచి నియో క్యూఎల్‌ఈడీ అంటున్నది అలాంటిదే. అసలు జోన్లే లేని క్యూఎల్‌ఈడీలు కూడా బజారులో కొల్లలుగా ఉన్నాయి, పెట్టె మీద అక్షరాలు మాత్రం అంతే పెద్దవిగా ఉంటాయి.

ఓఎల్‌ఈడీలో వెనుక దీపమే లేదు. కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్‌లు 1987లో ప్రకటించిన సేంద్రియ పదార్థపు దీపం నుంచి ఇది వచ్చింది. 55 అంగుళాల టీవీగా ఇళ్లకు చేరింది 2013లో. నల్లగా ఉండవలసిన చుక్క పూర్తిగా ఆరిపోతుంది కనుక చీకటి గదిలో ఈ తెర అంచు ఎక్కడో, గోడ ఎక్కడో తెలియదు. ఇందులోనూ రెండు రకాలున్నాయి. తెల్లని వెలుగును రంగు వడపోతల గుండా పంపే ఎల్‌జీ డిస్‌ప్లే రకం ఒకటి. నీలి వెలుగును క్వాంటం డాట్లతో మిగతా రంగులుగా మార్చే, 2022లో మార్కెట్టులోకి వచ్చిన శాంసంగ్ డిస్‌ప్లే రకం రెండవది. దీనిని క్యూడీ ఓఎల్‌ఈడీ అంటారు. రంగు విషయంలో రెండవదే ఒక మెట్టు పైన, కానీ గదిలో వెలుగు ఉన్నప్పుడు దాని నలుపు కాస్త వంగపండు ఛాయ తిరిగిన బూడిద రంగులా కనబడుతుంది.

వెలుగున్న హాలు, చీకటి చేయగల గది

ఇప్పుడు ఆ కాగితం తీయండి. మన ఇళ్లలో టీవీ ఎక్కువగా ఉండేది హాల్లో, ఆ హాలుకు వీధి గుమ్మం, కిటికీలు, బాల్కనీ అన్నీ తెరుచుకునే ఉంటాయి. ఓఎల్‌ఈడీ గొప్పతనమంతా నలుపులో ఉంది, ఆ నలుపు మీద మధ్యాహ్నపు వెలుగు పడితే ఆ గొప్పతనం సగం కరిగిపోతుంది. పైగా తెరంతా వెలుగుతో నిండినప్పుడు విద్యుత్తును, వేడిని అదుపులో ఉంచడానికి ఓఎల్‌ఈడీ తన ప్రకాశాన్ని తానే తగ్గించుకుంటుంది. రాత్రి దృశ్యంలో ఒక దీపాన్ని వెయ్యి నిట్స్‌కు (నిట్స్ అంటే తెర ప్రకాశానికి కొలత) మించి వెలిగించగల సెట్టే, ఎండలో మెరిసే క్రికెట్ మైదానం తెరంతా పరుచుకున్నప్పుడు కొద్ది వందల నిట్స్ దగ్గర ఆగుతుంది. మంచి మినీ ఎల్‌ఈడీకి ఈ ఇబ్బంది చాలా తక్కువ. కనుక పగటిపూట ఎక్కువ చూసే ఇంటికి, తలుపులు వేయని హాలుకు నేను సంకోచం లేకుండా మినీ ఎల్‌ఈడీనే సూచిస్తాను.

తెరకు సరిగ్గా ఎదురుగా కిటికీ ఉంటే మాత్రం ఏ సాంకేతికత అయినా దానిని గెలవలేదు. ప్రకాశం ఎక్కువున్న టీవీ కూడా నున్నని గాజు మీద ఆ కిటికీని చూపిస్తూనే ఉంటుంది. అలాంటి చోట మందపాటి కర్టెన్లకు పెట్టే కొద్ది వేలు టీవీకి అదనంగా పెట్టే యాభై వేల కంటే ఎక్కువ పని చేస్తాయి; వీలైతే టీవీ గోడనే మార్చడం ఇంకా మేలు.

పడకగదిలోనో, తలుపు వేసి దీపాలు ఆర్పుకోగల ప్రత్యేకమైన గదిలోనో రాత్రిపూట సినిమాలు చూసేవారికి ఓఎల్‌ఈడీతో పోటీ పడగలది ఇప్పటికీ లేదు. ఒక మెలిక ఉంది. సినిమాలు సెకనుకు 24 బొమ్మల చొప్పున తీసినవి. ఓఎల్‌ఈడీ ఒక బొమ్మ నుంచి మరొకదానికి రెప్పపాటు కూడా పట్టకుండా మారుతుంది కాబట్టి, కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే షాట్లలో దృశ్యం ఆగి ఆగి కదిలినట్టు కొందరి కళ్లకు తోస్తుంది. 120 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ వేసే తెర, అయితే 24 బొమ్మలనూ ఒక్కొక్కటి సరిగ్గా ఐదుసార్లు చూపగలదు. 60 హెర్ట్జ్ తెర ఒకదానిని రెండుసార్లు, మరొకదానిని మూడుసార్లు చూపి సరిపెట్టవలసి రావచ్చు. కాబట్టి ఏ రకం కొన్నా పెద్ద తెరకు 120 హెర్ట్జ్ అడగడం మంచిది. పెట్టె మీద ‘మోషన్ రేట్ 240’ వంటి మాటలు రాసి ఉంటే అది తెర అసలు వేగం కాదు. ‘నేటివ్ రిఫ్రెష్ రేట్’ ఎంతో చెప్పమని పట్టుబట్టండి.

వార్తా ఛానళ్ల స్క్రోలింగూ, ఆరని మచ్చా

మన ఇళ్ల విషయంలో విదేశీ సమీక్షలు చదివి నిర్ణయించుకోవడానికి వీల్లేని సంగతి ఇది. తెలుగు వార్తా ఛానల్ తెరను ఒకసారి జాగ్రత్తగా చూడండి: మూలన లోగో, పక్కన గడియారం, కింద ఎర్రని పట్టీ, దాని కింద పసుపు పట్టీ, వాటి మీద పరుగెత్తే అక్షరాలు. అక్షరాలు కదులుతాయి, పట్టీలు కదలవు. ఓఎల్‌ఈడీలోని ప్రతి చుక్కా వాడుకను బట్టి అరుగుతుంది. ఎర్ర పట్టీ ఉన్నచోట చుక్కలు రోజుకు ఆరేడు గంటల చొప్పున గట్టిగా వెలిగి, పక్కచోట చుక్కలు మామూలుగా వెలిగితే, కొంతకాలానికి ఆ రెండింటి అరుగుదలలో తేడా మచ్చగా కనబడుతుంది. దానినే బర్న్ ఇన్ అంటారు. పదేళ్ల పైచిలుకు కిందట ప్లాస్మా టీవీ వాడినవారికి ఈ మచ్చ కొత్తేమీ కాదు.

మా నాన్నగారు ఉదయం కాఫీతో మొదలుపెట్టి మధ్యాహ్న భోజనం దాకా ఒకే వార్తా ఛానల్ చూసేవారు. నేను ముచ్చటపడి కొన్న ఓఎల్‌ఈడీలో రెండేళ్లు తిరిగేసరికి, క్రికెట్ మైదానం పచ్చగా వచ్చినప్పుడల్లా కింద ఒక అడ్డగీత, మూలన ఒక గుండ్రని నీడ కనబడటం మొదలైంది. అది టీవీ తప్పు కాదు, నా ఎంపిక తప్పు. వారంటీ కాగితంలో సన్నని అక్షరాలతో ఆ మచ్చకు తమ బాధ్యత లేదని ముందే రాసి ఉంది. కొనేముందు ఆ ఒక్క వాక్యాన్ని వెతికి చదవండి. నోటి మాటగా ‘ఇప్పుడు ఆ సమస్య లేదండీ’ అని ఎవరన్నా చెబితే బిల్లు మీద రాసిమ్మనండి.

అయినా ఓఎల్‌ఈడీయే కొంటే ఒక అలవాటు మార్చుకోవాలి. ఈ టీవీలు కొన్ని గంటల వాడకం తరువాత రిమోట్‌తో ఆపినప్పుడు, తెర ఆరి ఉన్న సమయంలో చుక్కల అరుగుదలను తామే కొలిచి సరిదిద్దుకుంటాయి. పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ కట్టేయడం మన ఇళ్లలో మంచి అలవాటు కింద లెక్క. ఓఎల్‌ఈడీ విషయంలో ఆ అలవాటు దానికి దక్కవలసిన మరమ్మతును దక్కకుండా చేస్తుంది. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి తప్ప స్విచ్ వేసే ఉంచండి.

రోజంతా వార్తలూ సీరియళ్లూ నడిచే ఇంటికి ఎల్‌సీడీ కుటుంబంలోనిదే క్షేమం. దీనిలో మచ్చ పడే ప్రమాదం దాదాపు లేదు.

పక్కనుంచి చూసేవారు

ఎల్‌సీడీలో వాడే పొరలు ముఖ్యంగా రెండు రకాలు, వీఏ, ఐపీఎస్. వీఏలో నలుపు బాగుంటుంది. కానీ పక్కకు జరిగి చూస్తే రంగులు వెలిసిన చీరలా పాలిపోతాయి. ఐపీఎస్‌లో పక్కనుంచి కూడా రంగు నిలుస్తుంది, నలుపు మాత్రం తేలిపోతుంది. దీపాలను కాసేపు మరచి పొరను మాత్రమే కొలిస్తే, తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి ఐపీఎస్‌లో సుమారు వెయ్యికి ఒకటి, వీఏలో మూడు వేలకు ఒకటి, కొన్నిట్లో అంతకు పైన. ఒకే మోడల్ పేరుతో 55 అంగుళాలలో ఒక పొర, 65లో మరొక పొర ఉండే సందర్భాలున్నాయి. కాబట్టి బంధువుల ఇంట్లో చూసిన మోడలే కదా అని వేరే సైజులో కళ్లు మూసుకుని తెప్పించుకోకండి. ఓఎల్‌ఈడీకి ఈ గొడవ లేదు, వంటగది గుమ్మంలో నిలబడి చూసినా రంగు మారదు.

సైజు లెక్క

సోఫాలో కూర్చున్నవారి కళ్ల నుంచి తెర వరకు దూరాన్ని అంగుళాలలో కొలిచి 1.6తో భాగిస్తే తెర కనీసం ఎంతుండాలో వస్తుంది, 1.2తో భాగిస్తే సినిమా హాలు అనుభూతికి ఎంత కావాలో వస్తుంది. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు, కనుక లెక్క ప్రకారం 67 నుంచి 90 మధ్య ఏదైనా నప్పుతుంది. ఇది మంచి 4కే చిత్రానికి వేసిన లెక్క. కేబుల్ లేదా సెట్ టాప్ బాక్సులో సాధారణ ఎస్‌డీ ఛానళ్లు 720 అడ్డం, 576 నిలువు చుక్కలతోనే వస్తాయి. వాటిని 75 అంగుళాల తెర మీదికి సాగదీస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి. ఎస్‌డీనే ఎక్కువ చూసే ఇల్లయితే ముందు హెచ్‌డీ ప్యాక్‌కు మారండి, లేదా ఒక సైజు తగ్గించుకోండి. 8కే జోలికి మాత్రం వెళ్లనక్కరలేదు, దానికి తగిన సినిమాలూ, కార్యక్రమాలూ దాదాపు లేవు.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు లక్ష రూపాయలున్న సెట్టు మీద ఇది పదివేల తేడా. ఆ పదివేలతో ఒక సైజు పెంచుకోవాలని మనసు లాగుతుంది. అదే సైజులో జోన్లు ఎక్కువున్న మోడల్ తీసుకోవడం తెలివైన పని.

తొంభై అంగుళాలు దాటాక లెక్క మారుతుంది. ఓఎల్‌ఈడీ ధర 77 అంగుళాల తరువాత మనబోటివారికి అందని ఎత్తుకు వెళుతుంది. 98, 100 అంగుళాల మినీ ఎల్‌ఈడీలు, గోడకు అడుగు దూరంలోనే పెట్టి బొమ్మ వేసే లేజర్ ప్రొజెక్టర్లు, ఈ రెండే మిగులుతాయి. ప్రొజెక్టర్ మీద మోజున్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, తెల్లగోడ మీద కాక పైనుంచి పడే వెలుగును తిప్పికొట్టే ప్రత్యేకమైన తెర మీదనే అది బాగుంటుంది, ఆ తెర ఖర్చు వేరు. రెండు, ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. గదిలో ఉన్న వెలుగే దాని నలుపు. పగలు వార్తలు చూసే హాల్లో అది పనికిరాదు, రాత్రి మాత్రమే వాడే గదిలో ఆ ధరకు ఆ సైజు మరొకటి ఇవ్వలేదు. ప్రతి చుక్కా ఒక సూక్ష్మమైన ఎల్‌ఈడీగా తానే వెలిగే మైక్రో ఎల్‌ఈడీ పేరు కూడా వినే ఉంటారు, దాని ధరకు ఊళ్లో ఇల్లు కట్టుకోవచ్చు. తెల్లని లేదా నీలి దీపాల బదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలను వెనుక పెట్టే ఆర్‌జీబీ మినీ ఎల్‌ఈడీలు 2025లో వంద అంగుళాలు దాటిన సైజులలో మొదలయ్యాయి. అవి మధ్యతరగతికి అందే ధరకు దిగేవరకు ఆగగలిగినవారు ఆగవచ్చు.

దుకాణంలో, ఆ తరువాత

దుకాణంలో టీవీలన్నీ ‘స్టోర్ మోడ్’లో, కళ్లు మిరుమిట్లు గొలిపేలా పెట్టి ఉంటాయి. హోమ్ మోడ్‌కో, ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’కో మార్చి చూపమనండి. వాళ్లు వేసే పూలు, చేపల వీడియో కాక, మీకు బాగా తెలిసిన రాత్రి సన్నివేశం, క్రికెట్ క్లిప్, మీ ఇంట్లో చూసే వార్తా ఛానల్ ముక్క ఒక పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. రాత్రి సన్నివేశంలో మనిషి నల్లజుట్టు వెనుక చీకటిలో కలిసిపోయి మొత్తం ముద్దగా కనబడితే ఆ సెట్టు చీకటిలోని వివరాలను మింగేస్తున్నదన్నమాట. రెండడుగులు పక్కకు జరిగి, వంగి, లేచి చూడండి. సన్నివేశాన్ని బట్టి వెలుగునీడలను సరిచేసి చూపే పద్ధతులలో శాంసంగ్ సెట్లలో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. దీనికోసం మంచి తెరను వదులుకోనక్కరలేదు కానీ తెలిసి కొనడం మంచిది. గేమింగ్ కన్సోల్ ఉన్నవారు 4కే బొమ్మను 120 హెర్ట్జ్ వేగంతో అందుకోగల హెచ్‌డీఎంఐ 2.1 పోర్టులు ఎన్ని ఉన్నాయో లెక్క అడగండి. ఒకటే ఉంటే, అదే సౌండ్‌బార్‌కు కూడా కావలసి వస్తే చిక్కు.

డబ్బు కట్టేముందు ఇంటి లిఫ్టును కొలవండి. 85 అంగుళాల తెర అడ్డంగా ఆరడుగులు దాటుతుంది, పెట్టె ఇంకా పెద్దది, దానిని పడుకోబెట్టి మోయకూడదు. అపార్టుమెంటు లిఫ్టులో పట్టక ఐదో అంతస్తుకు మెట్ల మీద మోయించిన కుటుంబాలున్నాయి. కొత్త అపార్టుమెంట్లలో గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కడుతున్నారు. మామూలు ఇటుక గోడకు వాడే ప్లగ్గులు వాటిలో పట్టు నిలవవు కాబట్టి, బిగించడానికి వచ్చిన మనిషికి గోడ ఏమిటో ముందే చెప్పి తగిన యాంకర్లు తెమ్మనండి. ఎత్తు విషయంలోనూ మొహమాటపడవద్దు. కూర్చున్నవారి కళ్లు తెర మధ్యభాగానికి దగ్గరగా రావాలి. దేవుడి పటాల ఎత్తుకు టీవీని బిగిస్తే మెడ నొప్పితో పాటు, వీఏ తెర అయితే కిందనుంచి చూసినందుకు రంగు కూడా పోతుంది.

బిగించే మనిషి వెళ్లకముందే పెన్‌డ్రైవ్ నుంచి ఒక పూర్తి బూడిద రంగు బొమ్మ, ఒక పూర్తి నల్లని బొమ్మ వేయించండి. బూడిద రంగులో నిలువు చారలు, మూలల్లో మురికి మేఘాల్లాంటి మచ్చలు ఉన్నాయేమో, నలుపులో వెలిగే చుక్కలున్నాయేమో చూసి, ఉంటే అక్కడికక్కడే ఫోటో తీసి ఆయన రిపోర్టులోనే రాయించండి. పగిలిన ప్యానెల్ మార్చడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది కనుక, మార్పిడి గడువు ముగిసేవరకు అట్టపెట్టెనూ లోపలి థర్మకోల్‌నూ పాత సామానుల వాడికి వేయకండి.